సముద్రం లేని ఊరిలో సముద్రచరిత్ర

ఖరగ్‌పూర్‌లో రైలు దిగిన తెలుగువాడికి అది పరాయి ఊరనిపించదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడి, తరతరాలుగా జీవిస్తున్నవి. బజారులో బెంగాలీ, హిందీలతోపాటు తెలుగు కూడా చెవిన పడుతుంది. కిలోమీటరుకు మించిన పొడవుగల ప్లాట్‌ఫారం ఆ స్టేషనుకు దేశమంతటా పేరు తెచ్చినది. సముద్రానికీ ఆ ఊరికీ మాత్రం పొత్తు లేదు. చుట్టూ ఎర్రమట్టి నేల, సాలవృక్షాల తోపులు.

అయినప్పటికీ అరేబియా సముద్రపు వేల సంవత్సరాల చరిత్రను చదివిన శాస్త్రజ్ఞులలో ఒకరు ఈ ఊరిలో పనిచేసినవారే. స్వాతంత్ర్య యోధులను బ్రిటిషువారు బంధించిన హిజ్లీ శిబిర భవనంలో 1951లో ఐ.ఐ.టి. ప్రారంభమైనది. అక్కడి భూగర్భశాస్త్ర విభాగానికి చెందిన ఆచార్య అనిల్ కుమార్ గుప్తా సముద్రపు అడుగు నుంచి తీసిన బురదను పరిశీలించి, మన నైరుతి ఋతుపవనాల పూర్వవృత్తాంతాన్ని బయటికి తీశారు. ఆయనకు ఆధారమైనవి ఇసుకరేణువు కన్న పెద్దవి కాని గవ్వలు.

వీటిని ఫొరామినిఫెరా అంటారు. ఇవి ఏకకణ జీవులు. కొన్ని సముద్రపు పైనీటిలో తేలుతూ, మరికొన్ని అడుగున బురదలో బ్రతుకుతవి. చాలావాటి చుట్టూ సున్నపు పెంకు ఉంటుంది. నత్తగుల్ల ఏ పదార్థమో ఇదీ అదే. జీవి చనిపోగానే పెంకు అడుగుకు దిగి బురదలో కలిసిపోతుంది. ఏటేటా దానిపై కొత్త బురద పేరుకుంటుంది. ఈ విధంగా అడుగున పాతది, పైన కొత్తది అయి, పుటలు తారుమారు కాని గ్రంథమొకటి సిద్ధమవుతుంది.

దానిని చదివే పద్ధతి చూడటానికి వంటింటి పనిలాగే ఉంటుంది. బురదను నీటిలో నానబెట్టి, మిల్లీమీటరులో పదహారో వంతు కన్నాలుగల జల్లెడలో కడుగుతారు. ఒండ్రు జారిపోగా మిగిలిన తెల్లని పొడిని ఆరబెట్టి, నల్లని పళ్ళెంలో పరచి, మైక్రోస్కోపు కింద ఉంచుతారు. తడిపిన సన్నని కుంచె కొనతో ఒక్కొక్క గవ్వను ఏరి, జాతివారీగా లెక్కపెడతారు. ఒక్క మచ్చుకు సుమారు 300 గవ్వలు, అటువంటి మచ్చులు వందలకొద్దీ! బియ్యంలో రాళ్ళు ఏరే ఓర్పు లేనివారు ఈ శాస్త్రం జోలికి పోకపోవడమే మేలు.

ఈ గవ్వలు మొదట చెప్పేది కాలం. పాతగోడ కింద దొరికిన నాణెం ఏ రాజు కాలందో తెలిస్తే ఆ గోడ వయస్సు తెలుస్తుంది గదా! అదే విధంగా ఒక్కొక్క ఫొరామినిఫెరా జాతి ఒక కాలంలో పుట్టి, కొన్ని లక్షల సంవత్సరాలో కోట్ల సంవత్సరాలో వర్ధిల్లి, అంతరించినది. పోయిన జాతి తిరిగి రాదు. పైనీటిలో తేలేవి కెరటాలతోపాటు మహాసముద్రాలన్నిటా వ్యాపించినందున, ఇటలీ కొండరాతిలోని జాతి మన గోదావరి ఒడ్డునా దొరకవచ్చును.

దొరికినది కూడా. ఖరగ్‌పూర్ నుంచి దక్షిణంగా మద్రాసు వైపు సాగే రైలుమార్గం రాజమహేంద్రవరం వద్ద గోదావరిని దాటుతుంది. ఇటు కాతేరు, అటు పంగిడి, గౌరీపట్నం ప్రాంతాలలో నల్లరాతి క్వారీలు ఉన్నవి. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. దక్కను పీఠభూమిలో పుట్టి వేయి కిలోమీటర్ల దూరం ప్రవహించి వచ్చినదని పరిశోధకులు భావిస్తున్నారు. రెండు లావా పొరల నడుమ సముద్రపు గవ్వలున్న రాతిపొర ఇరుక్కుని ఉన్నది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, మన దేశపు సునీల్ బాజ్‌పాయ్ ప్రభృతులు ఆ పొరను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం డైనోసారులతోపాటు తేలే ఫొరామినిఫెరాలో అత్యధిక జాతులు కూడా నశించినవి. ఆ ఉపద్రవం తరువాత తొలిదశలో తలెత్తిన చిన్న జాతులు ఈ పొరలో ఉన్నవి. కనుక కింది లావా అంతకు పూర్వానిది, పై లావా తరువాతిది. దక్కను విస్ఫోటాల ప్రధానదశ ఆ వినాశం నాటికే ముగిసినదని కెల్లర్ బృందం వాదించినది. ఉల్కాపాతమే కారణమనేవారు ఇందుకు ఒప్పుకోరు. వివాదం నేటికీ తీరలేదు. రెండు లావాల నడుమ సముద్రం రాజమహేంద్రవరం దాకా వచ్చి వెళ్ళినదన్న మాట మాత్రం ఆ గవ్వలే చెబుతున్నవి.

కాలం చెప్పడం కన్న, నాటి సముద్రం ఎట్లా ఉండేదో చెప్పడం కష్టమైన పని. ఖరగ్‌పూర్ పరిశోధన ఈ రెండవ కోవకు చెందినది. వేసవిలో బలమైన నైరుతి గాలులు వీచినప్పుడు ఒమాన్ తీరంలో పైనీరు దూరంగా నెట్టబడి, లోతు నుంచి పోషకాలు నిండిన చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో గ్లోబిజెరీనా బులాయిడీస్ అనే జాతి విపరీతంగా పెరుగుతుంది. నిజానికిది చల్లని సముద్రాల జీవి. ఉష్ణమండలంలో దానికి ఇంత వైభవం పట్టడానికి ఋతుపవనమే కారణం. గాలి తగ్గితే దాని సంఖ్యా తగ్గుతుంది. అంటే బురదలోని ఆ గవ్వల నిష్పత్తే నాటి గాలికి కొలబద్ద.

1987లో జాయిడీస్ రిజల్యూషన్ అనే నౌక ఒమాన్ తీరానికి సమీపంలో సముద్రగర్భాన్ని తొలిచి బురద స్తంభాలను తీసినది. వాటిలో ఒకదానిని గుప్తా, అమెరికను శాస్త్రజ్ఞులు డేవిడ్ ఆండర్సన్, జొనాథన్ ఓవర్‌పెక్ పరిశీలించారు. 2003 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వెలువడిన వారి వ్యాసం ఒక కలవరపెట్టే విషయాన్ని వెల్లడించినది. గడచిన పదివేల సంవత్సరాలకు పైగా ఋతుపవనం నిలకడగా లేదు. పలుమార్లు హఠాత్తుగా బలహీనపడినది. ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో చలి ముదిరిన కాలాలూ, ఇక్కడ గాలి సన్నగిల్లిన కాలాలూ సరిపోలినవి.

సంవత్సరంలో కురిసే వానలో దాదాపు నాలుగింట మూడు వంతులు జూన్, సెప్టెంబరుల మధ్యనే పొందే దేశానికి ఇది చిన్న వార్త కాదు. ఒక ఏడు వాన తప్పితేనే మన పల్లెలు తల్లడిల్లుతవి. అటువంటిది గాలి తరాల తరబడి బలహీనంగా ఉంటే? మన పూర్వులు ఆ స్థితిని ఎట్లా ఎదుర్కొన్నారు? 2003లోనే గుప్తా, ఆండర్సన్‌లు దీప్ నారాయణ్ పాండే అనే పరిశోధకునితో కలిసి రాసిన మరొక వ్యాసంలో, వాతావరణం వికటించిన కాలాలలోనే చెరువులు, జలాశయాల నిర్మాణం ముమ్మరించినదని సూచించారు. పాకాల, రామప్ప చెరువులను ఎరిగిన మనకు ఈ ఊహ ఆకర్షణీయంగానే ఉంటుంది. కాని రాజులు పుణ్యం కోసమూ, పన్నుల కోసమూ కూడా చెరువులు తవ్వించారు. ఆ సంగతి గవ్వలు చెప్పలేవు.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఒమాన్ బురద చెప్పేది గాలిని గురించి. రైతుకు కావలసినది వాన. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకే పాళ్ళలో నడవవు. వాన లెక్క తెలియాలంటే నదులు మంచినీటిని తెచ్చి కలిపే బంగాళాఖాతంలో వెదకవలసి ఉన్నది. అందుకే 2014 నవంబరు చివర ఆ నౌకే మళ్ళీ బయలుదేరి, 2015 జనవరి వరకు బంగాళాఖాతంలోనూ, అండమాన్ సముద్రంలోనూ గర్భాన్ని తొలిచినది. ఆ బురదలో కొంత మహానది ముఖద్వారానికి ఎదుట తీసినది. ఖరగ్‌పూర్ నుంచి మన ఊళ్ళకు వచ్చే రైలు ఆ నదిని కటక్ దగ్గర దాటుతుంది.