ఒకే బంతి



శివరాత్రికి మన సీమ జనం నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం పోతారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి పోవాలి. దారంతా రాళ్లు, ఎండ. మరి నడిచేవాళ్లకు బువ్వ ఎవరు పెడతారు?

దారిలో దాతలే పెడతారు. ఒకరు బియ్యం తెస్తారు. ఒకరు మజ్జిగ పోస్తారు. ఒకరు వండుతారు. ఒకరు వడ్డిస్తారు. "ఆకలవుతోందా? కూర్చో" అంటారు.

ఇది మనకు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టాడు. మన సీమ ఆయన్ను ఇంకా మరువలేదు.

ఇప్పుడు మన ఊరి బడికి పోదాం. అక్కడ రోజూ ఒక బంతి సాగుతుంది. అదే మధ్యాహ్న భోజనం.

ఈ బువ్వ ఎలా వచ్చింది?

1995లో ఈ పథకం మొదలైంది. అప్పుడు బడికి వచ్చే బిడ్డకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. ఆ బియ్యం ఇంట్లో అందరి చట్టిలో కలిసిపోయేవి. బిడ్డకు దక్కేది పిడికెడే. 2001లో సుప్రీం కోర్టు ఒక మాట చెప్పింది. బడిలోనే వండి పెట్టాలి అంది. మన రాష్ట్రంలో 2003లో బడి పొయ్యి వెలిగింది. వండే పని పొదుపు సంఘాల ఆడవాళ్లు అందుకున్నారు.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. బడి బువ్వ బిడ్డల హక్కు అయింది. అయిదో తరగతి వరకు బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం వండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు వండాలి. 2024లో మన రాష్ట్రం ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆమె గోదావరి సీమలో ఎందరికో అన్నం పెట్టిన తల్లి.

హక్కు ఉంటే చాలా?

చాలదు. కొన్ని ఊళ్లలో "ఫలానా ఆమె వండితే మా బిడ్డ తినడు" అంటారు. ఇది తప్పు. వంట పనిలో దళిత, గిరిజన ఆడవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని 2004లో సుప్రీం కోర్టే చెప్పింది. ఆకలికి కులం లేదు. అన్నానికీ లేదు. పెద్దవాళ్లు బంతిని విడదీస్తే బిడ్డలూ అదే నేర్చుకుంటారు.

ఇంకో కష్టం ఉంది. బిల్లులు ఆలస్యమైతే వండే ఆమె అంగట్లో అప్పు తెస్తుంది. ఆమె కూడా మనలాంటి తల్లే. ఆమెను ఒంటరిగా వదిలేస్తే పప్పు పలుచన అవుతుంది. అప్పుడు నష్టం మన బిడ్డకే.

మనం ఏం చేయాలి?

ఈరోజు మీ చేనికి మేము పోతాం. రేపు మా చేనికి మీరు వస్తారు. బడి పొయ్యి దగ్గర కూడా అట్లే చేద్దాం. వారానికి ఇద్దరు తల్లులు వంతు వేసుకుని పోదాం. బియ్యం ఏరుదాం. వడ్డిద్దాం. వండింది బిడ్డల కంటే ముందు పెద్దలు రుచి చూడాలి. అందులో ఒకరు టీచరు అయి ఉండాలి. రెండో మనిషి మనమే ఎందుకు కాకూడదు?

మనకు ఇప్పుడు చదువు వచ్చింది. గోడ మీద ఏ రోజు ఏం పెట్టాలో చదువుదాం. గుడ్డు రాకుంటే అడుగుదాం. బిల్లు రాకుంటే అందరం కలిసి అర్జీ రాద్దాం. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

మాట్లాడుకోండి:
1. మీ ఊరి బడిలో బిడ్డలంతా ఒకే బంతిలో తింటున్నారా?
2. ఈ వారం బడికి పోయే ఇద్దరు తల్లులు ఎవరు? వాళ్ల పేర్లు రాయండి.