రెండవ భాషను నేర్చుకొనుట: ఎర్రగడ్డ పరిచర్య నేపథ్యములో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఎర్రగడ్డలో పరిచర్య చేయు కాపరికి ఒక్క భాష చాలదు. ప్రభుత్వ ఛాతీ వైద్యశాల, మానసిక వైద్యశాల ఈ ప్రాంతములోనే ఉన్నవి. రైతు బజారు, పక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ ఉన్నవి. తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ, ఉత్తరాది నుండి పనికి వచ్చినవారి హిందీ ఇక్కడ ప్రతిదినము వినిపించును. ఇక్కడి నుండి మెట్రోలో మూడవ స్టేషను అమీర్‌పేట. అక్కడ స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులకు కొదువ లేదు. ఆ బోర్డుల ప్రభావము వలననో ఏమో, రెండవ భాష నేర్చుకొనుట అనగానే మనకు 'మాట్లాడుట' మాత్రమే తోచును. పెద్దవారు మరియొక భాషను ఏ విధముగా గ్రహించి పలుకుదురో ఈ వ్యాసములో పరిశీలించెదము. కాపరికి వినగలుగుట మొదటి మెట్టు మాత్రమే గాక, చివరి గురి కూడ అని మా అభిప్రాయము.

1. ముందు గ్రహింపు, తరువాత పలుకు

శిశువు మొదటి మాట పలుకుటకు ముందు ఇంచుమించు ఒక సంవత్సరము విను చుండును. పెద్దవారమైన మనము మొదటి వారములోనే ప్రసంగింప గోరుదుము. స్టీఫెన్ క్రాషెన్ 1982లో ప్రకటించిన గ్రంథములో, మనకు వచ్చిన దానికంటె కొద్దిగా పైస్థాయిలో ఉండి, సందర్భమును బట్టి అర్థమగు మాటలను వినుట చేతనే భాష అలవడునని వాదించెను. వినుట ఒక్కటే చాలునా అను విషయములో పండితులు ఆయనతో ఏకీభవించలేదు. అయితే అర్థమగు మాటలు వినకుండ ఏ భాషయు రాదనుటలో భేదాభిప్రాయము లేదు. ఈ దృష్టితో చూచినచో వైద్యశాల వార్డు మంచి పాఠశాల. భోజనము, మందు, నిద్ర, నొప్పి, ఇంటి కబురు — ఇవే మాటలు మరల మరల వచ్చును. రోగి ముఖము, చేతి సైగ అర్థమును అందించును.

2. విన్నంత మాత్రమున చాలదు

కెనడాలో ఫ్రెంచి మాధ్యమములో చదివిన ఇంగ్లీషు పిల్లలను పరిశీలించి మెరిల్ స్వెయిన్ 1985లో ఒక సంగతి తెలియజేసెను. ఆ పిల్లలు సంవత్సరముల తరబడి ఫ్రెంచి విని చక్కగా గ్రహించిరి గాని, వారి మాటలో వ్యాకరణ దోషములు నిలిచిపోయెను. కారణమేమి? వినువాడు రెండు మూడు ముఖ్య పదములతో భావమును ఊహించుకొనగలడు. పలుకువాడు ప్రతి ప్రత్యయమును తానే ఎన్నుకొనవలెను.

దీనిని మన అనుభవములోనే చూడవచ్చును. తెలుగులో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని ఒకే క్రియ వాడుదుము. హిందీలో ప్రాణము లేని వస్తువులకు కూడ లింగభేదము కలదు: రోటీ స్త్రీలింగము, పానీ పుంలింగము. వినునప్పుడు ఈ భేదమును గమనింపకపోయినను భావము తెలియును. నోరు తెరచినప్పుడే మనకు తెలియనిది బయటపడును.

3. తప్పులు చెప్పు సంగతి

నేర్చుకొనువాని తప్పులు అజాగ్రత్తకు గురుతులు కావనియు, వాని మనస్సులో రూపొందుచున్న నియమములకు సాక్ష్యములనియు పిట్ కార్డర్ 1967లో వ్రాసెను. మాతృభాషకును నేర్చుకొనుచున్న భాషకును నడుమ ఏర్పడు ఈ వ్యవస్థకు లారీ సెలింకర్ 1972లో ఒక పేరు పెట్టెను. దానిని మనము 'నడిమి భాష' అనవచ్చును.

మన సంఘములకు పరిచితమైన ఉదాహరణ 'మనము', 'మేము'. హిందీలో 'హమ్', ఇంగ్లీషులో 'వుయ్' ఈ రెంటికిని ఒక్కటే పదము. కనుక తెలుగు నేర్చుకొనుచున్న విశ్వాసి 'ప్రభువా, మనలను క్షమించుము' అని ప్రార్థించుట సహజము. ఆ మాట క్షమాపణ పొందవలసినవారిలో దేవుని కూడ చేర్చును! అక్కడ నవ్వినచో ఆ సహోదరుని నోరు మూతపడును. తరువాత ప్రార్థించువాడు 'మమ్మును క్షమించుము' అని స్పష్టముగా పలికినచో అదే మంచి దిద్దుబాటు.

4. పుస్తక భాష, వీధి భాష

హిందీ పుస్తకము చదివి ఎర్రగడ్డ వీధిలోనికి వచ్చినవానికి 'హౌ' అనగా అవునని, 'నక్కో' అనగా వద్దని తెలియదు. దక్కనీలో 'ఆతూఁ బోల్‌కే బోలా' అందురు. ఇది 'వస్తానని చెప్పాడు' అను మన వాక్యమునకు సరిపోవును. 'బోల్‌కే' మన 'అని' చేయు పనినే చేయును. తరతరములుగా రెండు భాషలు కలిసి జీవించుట చేత వాక్య నిర్మాణము కూడ ఒకదాని నుండి మరియొకదానికి సంక్రమించెను.

1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను పండితుల యొద్ద చదువుకొనెను. ఉద్యోగరీత్యా ప్రజల తెలుగును కూడ వినెను. ఆయన 1829లో వేమన పద్యములను, 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అంతటితో ఆగక, తెలుగులో కలిసిన అన్యదేశ్య పదములకు 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించెను. జనుల నోట నున్న మాటను ఆయన తక్కువగా చూడలేదు.

అయితే పోలిక మోసము కూడ చేయును. రోగి 'ఘబ్రాహట్' అనినప్పుడు తెలుగు కాపరికి 'గాబరా' స్ఫురించును. 'భయపడకుము' అని ధైర్యము చెప్పి ప్రార్థించి వెళ్లిపోవును. ఆ మాటను గుండె దడకు, శరీరములోని ఆయాసమునకు కూడ వాడుదురు. ఆ రోగికి ఆ క్షణమున కావలసినది నర్సు కావచ్చును.

5. కాపరికి అన్వయము

అపొస్తలుల కార్యములు 21, 22 అధ్యాయములలో పౌలు పైయధికారితో గ్రీకు భాషలోను, జనసమూహముతో హెబ్రీ భాషలోను మాట్లాడెను. తమ భాష వినగానే వారు మరి ఎక్కువ నిశ్శబ్దముగా నుండిరి. మనిషి తన భాషకు చెవి యొగ్గును. తన బాధను కూడ ఆ భాషలోనే చెప్పుకొనును.

కావున విద్యార్థులకు మా సూచనలు ఇవి. వారమునకు రెండు దినములైనను ఆ భాష మాట్లాడువారి యొద్ద కూర్చుండి, ప్రసంగింపక వినవలెను. విన్నదానిని మన మాటలలో తిరిగి చెప్పి, 'మీరు చెప్పినది ఇదేనా?' అని అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్నలో వినుట, పలుకుట, దిద్దుబాటు మూడును ఇమిడి యున్నవి. అర్థము కానప్పుడు తల ఊపక, మరల చెప్పుమని అడుగుటకు సిగ్గుపడరాదు. కంఠస్థము చేసిన ప్రార్థనను ఒక నెలలో తప్పులేకుండ పలుకవచ్చును. మంచము మీది రోగి అడుగునది గ్రహించుటకు ఎక్కువ కాలము పట్టును. ఆ కాలమును పరిచర్యకు ముందున్న సిద్ధపాటుగా గాక, పరిచర్యగానే ఎంచవలెను.