బుర్జ్ ఖలీఫా టికెట్: 124 చాలా, 148 కావాలా?

గల్ఫ్‌లో పని చేసుకునే మన తమ్ముళ్ళు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, అమ్మానాన్న విజిట్ వీసా మీద దుబాయ్ వస్తున్నారు. బుర్జ్ ఖలీఫా ఎక్కించాలి. ఏ టికెట్ తీసుకోవాలి?" ముగ్గురికి కలిపి లెక్క వేస్తే చిన్న డబ్బేం కాదు. నెలంతా ఓవర్‌టైమ్ చేసినవాడికి అది బాగా తెలుస్తుంది. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తా. ఎత్తు కోసం డబ్బు పెట్టకండి. టైము కోసం, సౌకర్యం కోసం పెట్టండి. ఎందుకో చెప్తా.

టికెట్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది 124, 125 అంతస్తులు కలిపి ఇచ్చేది. 124 ఎత్తు 452 మీటర్లు. అంటే మన చార్మినార్లు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పెట్టినంత. రెండోది 'స్కై' టికెట్. దీంతో 555 మీటర్ల ఎత్తులో ఉన్న 148కి వెళ్ళొచ్చు, కింద 124, 125 కూడా చూడొచ్చు. బిల్డింగ్ మొత్తం ఎత్తు 828 మీటర్లు కాబట్టి, ఏ టికెట్ కొన్నా శిఖరం దాకా మాత్రం వెళ్ళరు.

రేటు చూస్తే స్కై టికెట్ దాదాపు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. మరి చూపు కూడా రెట్టింపు అవుతుందా? కాదు. భూమి గుండ్రంగా ఉంది కదా, ఆ లెక్కన 124 నుంచి దిగంతం సుమారు 76 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 148 నుంచి 84. పెరిగింది 8 కిలోమీటర్లే. అది కూడా లెక్కలో మాత్రమే. దుబాయ్ గాలిలో దుమ్ము, మసక ఉన్న రోజున అంత దూరం ఎక్కడి నుంచీ కనపడదు. ఎండాకాలంలో ఈ మసక ఎక్కువ. చలికాలం గాలి శుభ్రంగా ఉంటుంది గానీ, కొన్ని ఉదయాలు పొగమంచు కమ్మేస్తుంది. బుక్ చేసే ముందు ఫోన్‌లో వాతావరణం చూసుకోండి.

ఇప్పుడు టైము సంగతి. సూర్యాస్తమయం చుట్టూ ఉండే గంటల్ని 'ప్రైమ్' అంటారు. అదే అంతస్తు, అదే లిఫ్ట్, రేటు మాత్రం ఎక్కువ, జనమూ ఎక్కువ. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదున్నరకి పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఏడు దాటుతుంది. మీరు వెళ్ళే నెలని బట్టి స్లాట్ చూసుకోండి. టికెట్ మీద ఉండేది లోపలికి వెళ్ళే టైము. చెకింగ్, క్యూ, లిఫ్ట్ అన్నీ దాటి పైకి చేరేసరికి ఇంకా టైము పడుతుంది. సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందు స్లాట్ కొంటే క్యూలోనే చీకటి పడొచ్చు. కనీసం గంట ముందుది తీసుకోండి.

ఇంకో విశేషం. ఎత్తుకి వెళ్ళేకొద్దీ సూర్యుడు కాస్త ఆలస్యంగా అస్తమిస్తాడు. అందుకే రంజాన్‌లో ఈ బిల్డింగ్‌లో 80వ అంతస్తు పైన ఉండేవాళ్ళు 2 నిమిషాలు, 150 పైన ఉండేవాళ్ళు 3 నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని అక్కడి మతపెద్దలు 2011లో చెప్పారు.

ఖర్చు తగ్గాలంటే ఉదయం స్లాట్‌లు చూడండి. అఫీషియల్ సైట్‌లో ఒక్కో గంట నొక్కుతూ వెళ్తే రేటు ఎక్కడ పెరుగుతోందో కనపడుతుంది.

మరి 148 ఎవరికి? మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి. అక్కడ జనం తక్కువ, కూర్చోడానికి లాంజ్ ఉంటుంది, ఖర్జూరాలు, అరబిక్ కాఫీ లాంటివి ఇస్తారు. అమ్మానాన్న ఎక్కువసేపు నిలబడలేరంటే, 124లో ప్రైమ్ టైమ్ రద్దీ కంటే 148లో మామూలు టైమే మేలు. ఫ్రెండ్స్‌తో వెళ్తుంటే మాత్రం 124, 125 చాలు. బయట గాలి తగిలే టెర్రస్ 124లో కూడా ఉంది.

పెద్దవాళ్ళతో మెట్రోలో వెళ్తుంటే ఒక జాగ్రత్త. స్టేషన్ నుంచి దుబాయ్ మాల్ దాకా వంతెన దారి చాలా పొడుగు. మధ్యలో కదిలే నడకదారులు ఉన్నా బాగా నడవాలి. ఎంట్రీ మాల్ లోపల కింది అంతస్తులో ఉంటుంది, అక్కడికీ నడకే. స్కై టికెట్‌కి అయ్యే తేడా కంటే చాలా తక్కువలో టాక్సీ వస్తుంది. వాళ్ళ ఓపికని పైన చూడ్డానికి దాచండి.

ఆఖరుగా, ఫోటో పిచ్చి ఉన్నవాళ్ళకి. బుర్జ్ ఖలీఫా ఎక్కితే ఫోటోలో బుర్జ్ ఖలీఫా ఉండదు! అది కావాలంటే మాల్ బయట ఫౌంటెన్ దగ్గర నిలబడండి, పైసా ఖర్చు లేదు. అమ్మానాన్నతో ఫోటో అక్కడ తీయించండి, ఊళ్ళో ఫ్రేమ్ కట్టించేది అదే అవుతుంది.

మీ ఇంట్లోవాళ్ళ వయసు, వెళ్ళే నెల కామెంట్‌లో పెట్టండి, ఏ స్లాట్ బాగుంటుందో చెప్తా. ఉంటాను మరి.