మీకు తెలుసా? డాబా మీది కడ్డీలకూ ఒక లెక్కుంది

దూరదర్శన్ రోజుల్లో మన డాబాల మీద నిలబడ్డ అల్యూమినియం కడ్డీల యాంటెన్నా పుట్టింది జపాన్‌లో. సెందాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, ఆయన ప్రొఫెసర్ హిదెత్సుగు యాగి 1926లో దాని సంగతి లోకానికి చెప్పారు. ప్రయోగాల కష్టమంతా దాదాపు ఉదాదే. అయితే 1928లో ఇంగ్లీషు వ్యాసం రాసింది యాగి కనుక చాలాకాలం ఆయన పేరే చెలామణి అయింది. ఇద్దరి పేర్లూ కలిపి యాగి-ఉదా అనడమే న్యాయం. సొంత దేశపు సైన్యం మాత్రం దాన్ని పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ను పట్టుకున్నాక, బ్రిటిష్ రాడార్ కాగితాల్లో పదేపదే కనిపించిన ‘యాగి’ ఏమిటో జపాన్ అధికారులకు అంతుపట్టలేదు. చివరికి బందీగా దొరికిన బ్రిటిష్ సైనికుడే, అది మీ దేశం మనిషి పేరని చెప్పాడు!

అన్ని కడ్డీలున్నా వైరు తగిలేది ఒక్కదానికే. దాని వెనకున్న కాస్త పొడవు కడ్డీ తరంగాన్ని ముందుకు తిప్పికొడుతుంది. ముందున్న పొట్టివి దాన్ని లోపలికి నడిపిస్తాయి. వైరు తగిలే కడ్డీ పొడవు తరంగంలో సుమారు సగం. 200 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఛానెల్ తరంగం ఒకటిన్నర మీటరు, కాబట్టి కడ్డీ 70 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ అమరిక ఒక దిక్కునే బాగా వింటుంది. డాబా ఎక్కినవాళ్లు యాంటెన్నా తిప్పుతూ “బొమ్మ వచ్చిందా?” అని కేకలేసింది అందుకే.

వైరు తగిలే కడ్డీ మడత రకమైతే దానికి 300 ఓముల బల్లపరుపు రిబ్బన్ వైరు సరిగ్గా సరిపోతుంది. గుండ్రటి కేబుల్ 75 ఓములది. రెంటినీ నేరుగా కలిపితే సిగ్నల్‌లో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మధ్యలో పెట్టే చిన్న డబ్బీ, బాలన్, ఆ తేడాను సర్దుతుంది.

పాత టీవీలో బొమ్మ పక్కన కనిపించే నీడ బొమ్మ కూడా తిరుగు తరంగం పనే. కొండకో పెద్ద భవనానికో తగిలి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరుతుంది. తెర మీద గీత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కనుక నీడ ఎప్పుడూ కుడివైపే పడుతుంది. 300 మీటర్లు ఎక్కువ తిరిగొస్తే, 50 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద నీడ సుమారు ఒక సెంటీమీటరు జరుగుతుంది. అంటే స్కేలు పెట్టి కొండ ఎంత దూరపు చుట్టుదారి వేయించిందో చెప్పొచ్చు! డిజిటల్ ప్రసారంలో నీడలుండవు. సిగ్నల్ చాలినంత ఉంటే బొమ్మ నిక్కచ్చిగా వస్తుంది, చాలకపోతే గళ్లుగళ్లుగా పగిలిపోతుంది.

కేబుల్ కొసన బిగించే కనెక్టర్‌లో విడిగా పిన్ను ఉండదు, లోపలి రాగి తీగే పిన్ను. చుట్టూ ఉన్న అల్లిక తీగల్లో ఒక్క పోగు దానికి తగిలినా సిగ్నల్ చచ్చిపోతుంది. రెండు టీవీలకు స్ప్లిటర్ పెడితే ఒక్కోదానికి చేరే శక్తి సగంకన్నా తక్కువే.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వంటి జిల్లాల పల్లెలు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా తెలుగు కార్యక్రమాలు చూశాయి. దేశం మొత్తం మీద ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలవి. ఊరికో మూడు మీటర్ల గొడుగు, అదీ కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప జాలీతో చేసింది! ఇస్రో చేయించిన ఆ ప్రయోగం నాకెప్పటికీ అబ్బురమే. తరంగం 35 సెంటీమీటర్లు, జాలీ కన్నాలు దానిముందు ఏపాటి? తరంగానికి అది రేకు కిందే లెక్క.

ఇప్పటి డీటీహెచ్ తరంగం రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి 60 సెంటీమీటర్ల రేకు పళ్లెం చాలు. దాని కేబుల్ కిందికి బొమ్మను తేవడమే కాదు, సెట్‌టాప్ బాక్సు నుంచి పైకి కరెంటూ మోస్తుంది. 13 వోల్టులు పంపితే ఒక రకం తరంగాలను, 18 పంపితే మరో రకాన్ని పళ్లెం ముందరి ఎల్ఎన్‌బీ అందుకుంటుంది.