రైలు వేసిన ఊరు

క్లాసులో ఎవరైనా కొత్తగా చేరితే మనం మొదట అడిగేది "ఏ ఊరు మీది?" అనే. మనలో చాలామందికి దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఇప్పుడేమో ఖరగ్‌పూర్. అయితే ఈ ఊరు కూడా మనలాంటిదేనని దీని చరిత్ర తెలుసుకున్నాక మాకు అర్థమైంది.

ఇందాలో ఖరగేశ్వరుడి గుడి ఉంది. ఆ స్వామి పేరు మీదే ఊరికి ఖరగ్‌పూర్ అనే పేరు వచ్చిందని ఇక్కడివారు చెబుతారు. పేరు పాతదే కానీ పట్టణం పాతది కాదు. జిల్లా కేంద్రం కంసావతి నది అవతల ఉన్న మేదినీపూర్. రైలు రాకముందు ఇటువైపు ఉన్నవి ఎర్రమట్టి నేల, చిన్న పల్లెలు.

1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పడమర నుంచి ఒక లైను, కటక్ నుంచి ఒక లైను, హౌరా నుంచి ఒక లైను ఇక్కడ కలిశాయి. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నదిపై వంతెన పూర్తయింది. లైన్లు కలిసే చోట ఇంజన్లకు నీళ్లు, బొగ్గు కావాలి. పాడైతే బాగుచేసే చోటు కావాలి. అందుకే ఇక్కడ పెద్ద వర్క్‌షాపు వచ్చింది.

మరి ఇంత పనికి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? 1902లో కటక్ నుంచి వాల్తేరు వైపు వెళ్లే కోస్తా లైను కూడా ఇదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ దారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల మనవాళ్లు పని కోసం రైలెక్కి వచ్చారు. కంపెనీ ఇళ్లు కట్టించింది కానీ అందరికీ ఒకేలా కాదు. తెల్ల అధికారులకు తోటలున్న బంగళాలు, కూలీలకు వరుస క్వార్టర్లు.

కార్మికులు అన్నీ సహించి ఊరుకోలేదు. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో పెద్ద సమ్మె జరిగింది. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన వి.వి.గిరి బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టినవారు. తర్వాత 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఊరి పక్కనే ఉన్న హిజ్లీలో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను నిర్బంధించింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ నిర్బంధ శిబిరం భవనంలోనే స్వతంత్ర భారతదేశపు మొదటి ఐఐటీ మొదలైంది. జైలు గోడల మధ్య పాఠాలు వినిపించాయి.

1944లో కంపెనీ పోయి రైల్వే ప్రభుత్వానిదైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా వరకు ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పటికీ మథురాకాటి, నింపురా వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది.

వాళ్ల ముత్తాతలు కూడా మన నాన్నల్లాగే ఉద్యోగం కోసం పెట్టె సర్దుకుని వచ్చినవారే. వాళ్ల మునిమనవలను "ఏ ఊరు మీది?" అని అడిగితే తడుముకోకుండా "ఖరగ్‌పూర్" అంటారు. రేపు మనకు బదిలీ అయి ఇంకో ఊరు వెళ్లినా, ఇక్కడ చదువుకున్న ఈ నాలుగేళ్లకు మనమూ ఆ మాట అనవచ్చు.