పులి-మేకల తూకము

కృష్ణా డెల్టా పల్లెలలో పెరిగిన శ్రోతలకు పులి-మేక ఆటను గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. అరుగుమీద బొగ్గుతో పటము గీచి, 3 పులులను 15 మేకలను పెట్టి ఆడుదురు. పులి మేకమీదుగ దుమికి దానిని చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. పులి దారికి అడ్డు నిలువగలదు, అంతే. అయినను నేర్పరి చేతిలో మేకలు గుమిగూడి పులులను కదలనీయక బంధించును. బలములు సమానములు కావు, గెలుపునకు దారి మాత్రము ఇరువురకును కలదు.

నేడు విజయవాడ యువకులు కంప్యూటరు ముందు కూర్చుండి ఆడు ఆన్‌లైన్ క్రీడలలోను ఈ చిక్కే ఉన్నది. వానిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకడు కత్తి పట్టిన యోధుడు, ఒకడు మాంత్రికుడు, వేరొకడు గాయములు మాన్పువాడు. ఈ భేదమును వారు ‘క్లాస్’ అందురు. యంత్రము నడుపు రాక్షసునితో పోరునప్పుడు ఒక క్లాస్ కొంత బలహీనమైనను తోడివారు ఆదుకొందురు. ఆటగానికి ఆటగాడే శత్రువైనప్పుడు తగవు మొదలగును.

పులి-మేకలో ఓడినవాడు మరుసటి ఆటకు పులులను తాను తీసికొనవచ్చును, పేచీ తీరును. ఇచట అట్లు కాదు. నెలల తరబడి ఒకే పాత్రను పెంచినవానితో ‘వేరొక క్లాస్ చూచుకొనుము’ అనుట, పొట్టకు వచ్చిన చేను విడిచి మరల నారు పోయుమనుట వంటిది. కనుక తూకము సరిచూచు భారము క్రీడను నిర్మించినవారిపైననే పడును.

2004లో విడుదలయైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ క్రీడలో తొలుత 9 క్లాసులు, రెండు వైరి కూటములు ఉండెను. పలాడిన్ అను క్లాస్ ఒక కూటమికే, షామన్ అనునది రెండవదానికే చెందియుండెను. 2007 జనవరిలో వచ్చిన అనుబంధ భాగమున రెంటిని ఇరుపక్షములకు ఇచ్చిరి. న్యాయము పెరిగినది, కూటముల మధ్య వైవిధ్యము కొంత తగ్గినది.

మాకు ఇంతకంటె ముచ్చటగ తోచిన ఉపాయము మరియొకటి కలదు. శత్రువును కొన్ని క్షణములు స్తంభింపజేయు మంత్రములు ఆ క్రీడలో ఉన్నవి. రాక్షసునిపై ప్రయోగించినచో ఎవరికిని బాధ లేదు. మనుష్యునిపై వరుసగ ప్రయోగించినచో, అవతల కూర్చున్నవాడు చేతులు ముడుచుకొని తన ఓటమిని తానే చూచుచుండవలసినదే. అందులకు చాలకాలము పాటించిన నియమమిది: మొదటి ప్రయోగము పూర్తికాలము పనిచేయును, వెంటనే మరల చేసినచో సగము కాలము, మూడవమారు నాల్గవ వంతు, పిమ్మట కొంతసేపు మంత్రము పారనే పారదు. మంత్రపు బలమును తీసివేయలేదు, దానితో వేధించుటకు మాత్రమే హద్దు పెట్టిరి.

2016లో మరియొక ప్రయత్నము జరిగినది. నియమిత రంగములలో జరుగు పోరులకు, ఆటగాండ్రు గడించిన ఆయుధ కవచముల గుణములను చాలవరకు పక్కన పెట్టి, క్లాస్‌నుబట్టి బలమును ముందుగనే నిర్ణయించిరి. కొత్తవారికి ఇది మేలు. శ్రమించి గడించినవారికి మాత్రము తమ సొత్తు చెల్లకుండెను. 2018లో ఆ పద్ధతిని తీసివేసిరి.