కష్టాల్లో చెదరని ప్రేమ: ఇమామ్ గజాలీ వివేచన

అల్లాహ్ అపార కరుణామయుడు. మరి లోకంలో రోగం, దారిద్ర్యం, పసిబిడ్డల మరణం ఎందుకున్నాయి? వీటిని చూస్తూ కూడా దాసుడు తన ప్రభువును మనసారా ప్రేమించగలడా? విశ్వాసి హృదయంలో ఇటువంటి ప్రశ్న తలెత్తడం వింత కాదు. దీనిని దాటవేయక, లోతుగా పరిశీలించిన ధర్మవేత్తలలో ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) అగ్రగణ్యులు.

ఆయన 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యులుగా గొప్ప ఖ్యాతి గడించి, 1095లో ఆ పదవిని త్యజించారు. ఆయన మహాగ్రంథం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని నలభై భాగాలలో ముప్పయ్యారవది దైవప్రేమను గురించినది.

అందులో ఆయన ప్రేమకు ఐదు కారణాలు చెప్పారు. మనిషి తన ఉనికిని ప్రేమిస్తాడు. తనకు మేలు చేసినవారిని ప్రేమిస్తాడు. తనకు లాభం లేకపోయినా పరోపకారులను ప్రేమిస్తాడు. సౌందర్యాన్ని సౌందర్యం కోసమే ప్రేమిస్తాడు. ఇక ఐదవది, ఆత్మల నడుమ ఉండే నిగూఢమైన అనుబంధం. ఈ కారణాలన్నీ సంపూర్ణంగా ఉన్నది అల్లాహ్‌లోనే అని ఆయన నిరూపించారు.

సౌందర్యమంటే కంటికి కనిపించే రూపం మాత్రమే కాదు. ఇమామ్ అబూ హనీఫాను గాని, ఇమామ్ షాఫయీని గాని మనం చూడలేదు. అయినా వారిని ప్రేమిస్తాం. మనల్ని ఆకర్షించేది వారి జ్ఞానం, శీలం, ధర్మనిష్ఠ. వీటిని చూడగలిగేది అంతర్నేత్రమే. ఈ గుణాలు సుందరమైతే, సమస్త జ్ఞానానికీ, శక్తికీ, పరిశుద్ధతకూ నిలయమైన ప్రభువు సౌందర్యాన్ని ఏమని వర్ణించగలం?

అసలు విషయం ఇక్కడే ఉంది. పొందిన మేలుపై ఆధారపడిన ప్రేమ ఆ మేలుతోపాటే పెరుగుతుంది, తరుగుతుంది. కలిమిలో ఉన్నంతగా లేమిలో ఉండదు. ప్రభువును ఆయన పరిపూర్ణత కోసమే ప్రేమించినవాని ప్రేమ కష్టసుఖాలతో మారదు. కనుక ఆపద మన ప్రేమ దేనిపై నిలిచి ఉందో తేల్చి చూపుతుంది.

అయితే బాధకు అర్థమేమిటి? అల్లాహ్ శుభనామాలను వివరించిన ‘అల్ మఖ్సదుల్ అస్నా’లో గజాలీ ఒక ఉదాహరణ ఇచ్చారు. జబ్బుపడిన బిడ్డకు హిజామా చేయించాలి. తల్లి ఆ నొప్పి చూడలేక వద్దంటుంది. తండ్రి పట్టుబట్టి చేయిస్తాడు. తెలియనివారు తల్లిదే దయ అంటారు. బిడ్డ ఆరోగ్యం కోరి నొప్పికి సిద్ధపడిన తండ్రిది మరింత పూర్ణమైన దయ. అల్లాహ్ కారుణ్యం ఆయన ఆగ్రహాన్ని మించినదని తెలిపే హదీసు భావం కూడా ఇదే: మేలు స్వయంగా ఉద్దేశించబడినది, కీడు దాని కోసం వచ్చేది. ఏ మేలూ కనిపించని కీడు ఎదురైతే, మన బుద్ధి పరిమితిని శంకించుకోమంటారు ఇమామ్.

ఈ సృష్టిని మించిన అద్భుతం సాధ్యం కాదన్న ఆయన మాట దైవశక్తికి హద్దు గీస్తుందని కొందరు ఉలమా ఆక్షేపించారు. 1505లో మరణించిన ఇమామ్ సుయూతీ ఆయనను సమర్థించారు. ఈ చర్చ శతాబ్దాలు సాగింది.

ఒక హెచ్చరిక అవసరం. ఈ బోధ మన కష్టంలో మన సహనం కోసం, పొరుగువాని ఆకలిని చూసి ఊరుకోవడానికి కాదు. హాని తొలగించుకోవడం, చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని గజాలీయే స్పష్టం చేశారు. బిడ్డ రోగం కుదర్చడమే ఆ తండ్రి దయ కదా! కరుణామయుణ్ణి ప్రేమించే దాసుడు ఇతరుల బాధ తీర్చే కరుణను అలవరచుకోవాలి.